హాస్టల్ గది, సొంతూరు: విద్యార్థి ఓటు ఎక్కడిది?

పద్దెనిమిదేళ్లు నిండి, ఊరు విడిచి చదువుకుంటున్న విద్యార్థికి భారత ఎన్నికల వ్యవస్థ ఒక ప్రత్యేకమైన వెసులుబాటు ఇచ్చింది. తల్లిదండ్రులుండే ఇంటి చిరునామాతోనైనా, హాస్టల్ చిరునామాతోనైనా ఓటరుగా చేరవచ్చు. హాస్టల్‌ను ఎంచుకునేవారి కోర్సుకు గుర్తింపు ఉండాలి, అది కనీసం ఏడాది పాటు సాగేదై ఉండాలి. ఫారం 6తో పాటు విద్యాసంస్థ అధిపతి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేయాలి. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి 28న అమల్లోకి వచ్చి ఓటు వయసును 21 నుంచి 18కి దించే వరకు ఈ ప్రశ్న ఇంత విస్తృతంగా తలెత్తలేదు. అప్పట్లో చాలామందికి డిగ్రీ పూర్తయ్యే వేళకు గానీ ఓటు వచ్చేది కాదు. ఇప్పుడు ఇంటర్ దాటి కాలేజీలో చేరిన మొదటి ఒకటి రెండేళ్లలోనే ఆ ఫారం చేతికొస్తుంది. అందులో చిరునామా గడి చిన్నదే. దాన్ని నింపాలంటే మాత్రం మనిషి ఏ చోటికి చెందుతాడన్న పాత తాత్విక ప్రశ్నకు ఏదో ఒక జవాబు ఎంచుకోవాలి.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక నియోజకవర్గంలో సాధారణంగా నివసించేవారే అక్కడ ఓటర్లు. ఆ నివాసం ఏమిటో 20వ సెక్షన్ సూటిగా నిర్వచించదు. ఏది కాదో చెబుతుంది. ఒక చోట సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన మనిషి అక్కడి నివాసి అయిపోడు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన అక్కడి నివాసి కాకుండానూ పోడు. ఇల్లే లేనివారి విషయంలో బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలని నిబంధన. అంటే చట్టం ఒకచోట శరీరాన్ని చూస్తుంది, ఇంకోచోట తిరిగివచ్చే ఉద్దేశాన్ని చూస్తుంది. విద్యార్థి దగ్గర ఈ రెండూ విడిపోయి ఉంటాయి: నిద్ర ఒక ఊళ్లో, సెలవులకు చేరే ఇల్లు మరో ఊళ్లో.

ఈ చిక్కు ఈనాటిది కాదు. చదువు కోసం ఒక నగరంలో ఉంటున్నవారిని ఆ నగర వాసులుగా ఎంచకూడదనీ, పదేళ్లు గడిచి అక్కడే స్థిరపడితే తప్ప ఆ హోదా రాదనీ రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. రెండో శతాబ్దంలో లేఖ ద్వారా తేల్చాడు. తర్వాత జస్టీనియన్ సంకలనం చేయించిన న్యాయస్మృతిలోనూ ఆ మాట చేరింది. రోమన్లకు అది ఓటు సంగతి కాదు. పౌర బాధ్యతలు ఎవరి నెత్తిన పడాలన్న లెక్క. అయినా అందులోని ఊహ నేటికీ చెలామణిలో ఉంది: విద్యార్థి అతిథి.

ఆ ఊహను గట్టిగా ఢీకొన్న కేసు అమెరికాలో వచ్చింది. అక్కడ 1971లో 26వ సవరణతో 18 ఏళ్లవారికి ఓటు దక్కింది. టెక్సస్‌లోని వాలర్ కౌంటీలో ఓటర్ల నమోదు చూసే అధికారి, నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ పిల్లలకు ఒక ప్రశ్నావళి ఇచ్చేవాడు. ఇక్కడ ఆస్తి ఉందా, చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం ఖాయమైందా వంటివి అందులోని ప్రశ్నలు. మిగతా ఊరివాళ్లను అడగని ప్రశ్నలు విద్యార్థులను అడగడం చెల్లదని కోర్టు తీర్పిచ్చింది. 1979లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. బ్రిటన్ మరో దారి పట్టింది. అక్కడ విద్యార్థి రెండు చిరునామాల్లోనూ నమోదు కావచ్చు. స్థానిక ఎన్నికల్లో రెండుచోట్లా వేయవచ్చు గానీ పార్లమెంటు ఎన్నికలో ఒక్కచోటే వేయాలి. భారతదేశం రెండింటిలో ఒకటి తేల్చుకోమంటుంది, ఆ తేల్చుకోవడాన్ని విద్యార్థికే వదిలేస్తుంది.

హాస్టల్ ఓటుపై వినిపించే అసలు అభ్యంతరం ఒక్కటే: నాలుగేళ్లకు మూటా ముల్లె సర్దుకుని పోయేవాళ్లు ఊరి ఎమ్మెల్యేను తేల్చడమేమిటి? పైకి సబబుగానే ఉంటుంది గానీ నిలవదు. మొదటిది, శాసనసభ గడువే ఐదేళ్లు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి తర్వాత చేరినవారు ఉండేది ఆరేళ్లు. రెండోది, అద్దె ఇళ్ల కూలీలనూ, బదిలీల మీద తిరిగే ఉద్యోగులనూ ఎన్నాళ్లుంటారని ఎవరూ నిలదీయరు. మూడోది అన్నిటికన్నా బలమైనది: విద్యార్థి వెళ్లిపోతాడు, విద్యార్థులు వెళ్లిపోరు. ఒక బ్యాచ్ ఖాళీ చేసిన గదుల్లోకి మరో బ్యాచ్ దిగుతుంది. కాలువలో నీరు మారుతున్నా కాలువ అక్కడే ఉన్నట్టు, వేలమంది యువకుల సమూహం ఆ ఊళ్లో శాశ్వతంగా ఉంటుంది. తాగునీరు, రాత్రి బస్సు, రోడ్డు మీద దీపాలు, ఆడపిల్లల భద్రత వారికి ఏటా ఉండే సమస్యలే. జనాభా లెక్కల్లో హాస్టల్లో ఉండేవారిని హాస్టల్లోనే లెక్కిస్తారు. నియోజకవర్గాల హద్దులు ఆ లెక్కల మీదే గీస్తారు. తలలు లెక్కకొచ్చి, ఓట్లు మాత్రం రాకపోతే ఆ ప్రాతినిధ్యం ఎవరి పేరున నడుస్తున్నట్టు?

సొంతూరి ఓటుకు ఇంతటి పరీక్ష ఎవరూ పెట్టరు. పెడితే అదీ కొంత ఇబ్బంది పడుతుంది. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి హైదరాబాద్ వచ్చి ఇంజినీరింగ్ చదివే కుర్రాడు మళ్లీ ఆ పల్లెలో కాపురం పెట్టే అవకాశం తక్కువ. కానీ అమ్మానాన్నలు అక్కడే ఉన్నారు, పొలం అక్కడే ఉంది. ఆ ఊరి ఆసుపత్రి ఎలా ఉందన్నది అతనికి పైమాట కాదు. నిర్ణయం ఎవరిని తాకుతుందో వారికి అందులో పాలు ఉండాలన్న సూత్రం ప్రకారం అతనికి రెండు ఊళ్లలోనూ పాలుంది. ఆ సూత్రం అంతవరకే తీసుకెళ్లి వదిలేస్తుంది.

ఇక్కడ తత్వవేత్త జాన్ లాక్ చేసిన విభజన పనికొస్తుంది. 1689లో వెలువడిన రాజ్యనీతి గ్రంథంలో అతడు, ఒక దేశంలో వారం రోజులు బస చేసినవాడు కూడా అక్కడి చట్టానికి మౌనంగా ఒప్పుకున్నట్టేనన్నాడు. అయితే అంతమాత్రాన ఆ సమాజంలో సభ్యుడు కాడనీ, సభ్యత్వానికి స్పష్టమైన అంగీకారం కావాలనీ కూడా అన్నాడు. ఊరు విడిచి వెళ్లే స్తోమత లేని పేదవాడి మౌనాన్ని అంగీకారమనడం ఏం న్యాయమని తర్వాత మరో తత్వవేత్త హ్యూమ్ ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవా సరైనదే. కానీ ఓటరు నమోదు మౌనం కాదు. పౌరసత్వం పుట్టుకతో వచ్చేస్తుంది. ఈ ఊరివాణ్నని సంతకం పెట్టి చెప్పే సందర్భం మనిషికి అరుదుగా వస్తుంది. ఆ కోణంలో హాస్టల్ చిరునామా రాయడం ఉన్న సంబంధాన్ని నివేదించడమే కాదు, సంబంధాన్ని కలుపుకోవడం కూడా.

రెండుచోట్లా పేరు ఉంచుకుందామన్న ఆలోచనకు మాత్రం చోటు లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 17, 18 సెక్షన్లు రెండు నమోదులను నిషేధిస్తాయి. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శిక్ష కన్నా ముఖ్యం దాని వెనకున్న నియమం. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత కొనసాగుతుండగా రాజకీయాల్లో మాత్రం ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ రాబోతోందని, ఆ వైరుధ్యాన్ని హెచ్చరికగా చెప్పాడు. ఉన్న ఆ ఒక్క సమానత్వాన్నే రెండో ఓటరు కార్డు తినేస్తుంది.

ఎక్కడ నమోదైనా, ఓటు వేయడానికి పడే శ్రమ సార్థకమా అన్నది వేరే ప్రశ్న. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్ జరిగినప్పుడు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బస్సులు, రైళ్లు కిక్కిరిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగానికి చేరలేదు. లక్షల ఓట్లలో ఒక ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం దాదాపు శూన్యం గనుక, లాభనష్టాలు చూసుకునేవాడు ఇంట్లోనే ఉండిపోవాలన్న తర్కాన్ని ఆర్థికవేత్త ఆంటొనీ డౌన్స్ 1957లో ముందుకు తెచ్చాడు. దీనికి అనకాపల్లిని బదులుగా చూపడం ఆనవాయితీ: 1989 లోక్‌సభ ఎన్నికలో కొణతాల రామకృష్ణ అక్కడ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచారు. అయితే ఆ ఉదాహరణ ఎంత అరుదైనదో అంతగా డౌన్స్ వాదాన్నే బలపరుస్తుంది.

గీతలోని నిష్కామ కర్మను చూపడం మరో అలవాటు. అది కూడా అంత తేలిగ్గా అతకదు. ఫలం మీద ఆసక్తి వదలమనడం వేరు, ఫలితం ఏమైనా పట్టించుకోవద్దనడం వేరు; ఎవరు గెలిచినా ఒకటేననుకునే ఓటరు కర్మయోగి కాడు, ఉదాసీనుడు. ఇక్కడికి సరిపోయే భావన మూడో అధ్యాయంలోనే ఉన్న లోకసంగ్రహం: తనకు పొందవలసింది ఏమీ లేకపోయినా, లోకం చెదిరిపోకుండా నిలవడానికి చేయవలసిన పని. ఓటు ఫలితాన్ని తిప్పకపోయినా, ఫలితానికి అధికారం ఇచ్చే ఆచారాన్ని నిలబెడుతుంది. ఆ పని రెండు ఊళ్లలో ఎక్కడైనా చేయవచ్చు. టికెట్ ధర అడ్డొస్తే హాస్టల్ ఓటుకే మొగ్గు.

దూరం నుంచి ఓటు వేసే వీలు విద్యార్థికి లేదు. పోస్టల్ బ్యాలెట్ సైనికుల వంటి కొన్ని వర్గాలకే పరిమితం. వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం 2022 చివర్లో ప్రకటించిన రిమోట్ ఓటింగ్ యంత్రం ఎన్నికల్లో వాడుకలోకి రాలేదు. ఎంచుకున్న చిరునామాను తర్వాత మార్చుకోవాలంటే ఫారం 8 ఉంది. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలయ్యాయి. 17 ఏళ్లు దాటినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నామినేషన్ల దాఖలుకు చివరి రోజు దాటాక, ఆ ఎన్నిక ముగిసే దాకా జాబితాలో పేరు చేర్చడం గానీ మార్చడం గానీ కుదరదు.