తెల్లని ద్రాక్షారసము



పూజాపాత్రలో పోసే ద్రాక్షారసము తెల్లగా ఉంటే పూజ చెల్లుతుందా అని పీఠబాలురు అప్పుడప్పుడు అడుగుతుంటారు. చెల్లుతుంది. రంగు విషయమై తిరుసభ పట్టుబట్టదు. అది ద్రాక్షపండ్ల నుండి వచ్చిన సహజమైన రసమై, చెడిపోకుండా ఉండాలని మాత్రమే తిరుసభ చట్టములోని 924వ సూత్రము కోరుతుంది. (కొంపలు ముంచే సారాను సమర్థించుకోవడానికి ఈ మాటను ఎవరూ వాడుకోకండి!)

అటువంటి తెల్లని ద్రాక్షారసము ఒకటి ఇటలీ దేశపు వాయవ్య మూలన, ఆల్ప్స్ పర్వతాలలో తయారవుతుంది. మోం బ్లాన్ శిఖరము కింద మోర్జే అనే చిన్న ఊరు ఉంది. అక్కడి చెలకలు సముద్రమట్టానికి 900 నుండి 1,200 మీటర్ల ఎత్తున ఉంటాయి. అంత చలిలో ద్రాక్ష పండటమే వింత. ప్రియే బ్లాన్ అనే ఆ లోయ సొంత ద్రాక్ష మాత్రం పండుతుంది. వసంతపు మంచు పోయాక ఆలస్యముగా చిగురించి, మళ్లీ చలి ముదరకముందే పక్వానికి వస్తుంది. పందిరి మన బీరపందిరిలా ఎత్తుగా ఉండదు. పగలు కాగిన నేల రాత్రి వదిలే వెచ్చదనము తీగకు అందాలని నడుమెత్తు కూడా లేకుండా వేస్తారు. కోతకు వచ్చినవారు దాని కింద వంగి, కూర్చుని గెలలు కోయవలసిందే.

19వ శతాబ్దములో ఫిలాక్సెరా అనే పురుగు ఐరోపా ద్రాక్షతోటలను నాశనము చేసింది. ఆ తరువాత దాదాపు అంతటా అమెరికా వేళ్లకు అంటు కట్టారు. మోర్జే తీగలు మాత్రం నేటికీ సొంత వేళ్ల మీదనే నిలిచి ఉన్నాయి.

అయితే వేరు ఉంటే చాలదు, పంటను కొనేవాడుండాలి. ఈ సంగతి గ్రహించినవారు ఆ ఊరి విచారణ గురువులు అలెగ్జాండ్ర్ బుజా. తీపి లేని, పలుచని, పుల్లని ఆ రసాన్ని సీసాలలో నింపించి లోయ వెలుపలి వారికి పరిచయము చేశారు. 1983లో చిన్న రైతులు కలిసి సహకార సంఘము పెట్టుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఎల్లారెడ్డి వైపు ఒక పెద్దాయన ఇంట్లో నాటు పచ్చజొన్నల మూట చూశాను. "కొడుకులిద్దరు దుబాయిల ఉన్నరు. ఇవి ఇప్పుడెవరు కొంటరు ఫాదర్?" అన్నాడు. యోహాను సువార్త 15వ అధ్యాయములోని ద్రాక్షావల్లి మీద, నేలను విడువకూడదన్న దాని మీద కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. ఆ మూట ధర మాత్రం ఒక్కసారీ అడగలేదు.

వచ్చే ఆదివారము పూజ కాగానే ఆయన ఇంటికి వెళ్లాలి. వెంట తూకపు రాళ్లు, ఒక ఖాళీ సంచీ పట్టుకుపోతాను.