కొత్త ప్రతి, పాత పాఠం

ఇంట్లో ఉన్న సినిమాల్ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చుకోవాలా వద్దా అన్నది, పైకి చూస్తే, షాపింగుకి సంబంధించిన ప్రశ్న. డబ్బుంటే మార్చుకో, లేకపోతే మానెయ్, ఇందులో ఆలోచించడానికి ఏముంది అనిపిస్తుంది. కొన్ని నెలలుగా నేనూ దాన్ని అక్కడితో సరిపెడదామనే చూస్తున్నాను. కుదరడం లేదు. ఆ ప్రశ్నని ఎటు కదిపినా దాని కింద ఇంకో ప్రశ్న కనబడుతోంది: నా దగ్గరున్నది సినిమాయేనా, లేక సినిమాకి ఒక ప్రతా? ప్రతి అయితే, దాని విషయంలో నాకు బాధ్యత ఏమన్నా ఉందా?

మా అల్మరాలో మూడొందల చిల్లర డిస్కులున్నాయి. సగానికి పైగా వీసీడీలు, మిగతావి డీవీడీలు, ఓ ఇరవై దాకా బ్లూ-రేలు. చాలావరకు 2007 తర్వాత నాలుగైదేళ్లలో నాన్న కొన్నవే. మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మిన రోజులవి. మల్టీప్లెక్సులో టికెట్టు కంటే సినిమాయే చవగ్గా దొరికేది. జీతం వచ్చిన వారం నాన్న సంచిలో కూరగాయలతో పాటు అవీ వచ్చేవి. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. డిస్కులు మాత్రం ఉన్నాయి. వాటిని ఆడించే ప్లేయర్ మూలుగుతోంది, బాగుచేసేవాళ్లు దొరకడం లేదు. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే చోటే లేదు. అంటే, ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం కూడా ఇప్పుడు ఒక నిర్ణయమే.

ముందు లెక్క చూద్దాం. వీసీడీలో బొమ్మ 352×288, అంటే సుమారు లక్ష చుక్కలు. డీవీడీలో 720×576, నాలుగు లక్షల పైచిలుకు. బ్లూ-రేలో ఇరవై లక్షలు, 4కె డిస్కులో ఎనభై లక్షలు దాటతాయి. ఈ అంకెలు చూస్తే పాత సినిమాకి కొత్తగా ఏదో చేరుస్తున్నారనిపిస్తుంది. నిజం దానికి తిరగేసి ఉంటుంది. 35 ఎం.ఎం. నెగెటివ్‌లో ఆ వివరం మొదటి రోజు నుంచీ ఉంది. 1964 నాటి ‘మూగమనసులు’ కోసం కెమెరా గోదావరిని చూసినప్పుడే నీటి మీది మెరుపులన్నీ ఫిల్ము మీద పడ్డాయి. వాటిని మోయలేకపోయింది వీసీడీ. అందులో వాడే ఎంపెగ్-1 పద్ధతి, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య మారనిదాన్ని మళ్లీ మళ్లీ రాసుకోకుండా చోటు మిగుల్చుకుంటుంది. గదిలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే అది బానే పనిచేస్తుంది. పారే నీటిలో మారనిదంటూ ఏముంటుంది? అందుకే మా వీసీడీలో గోదావరి గళ్లగళ్లుగా విరిగిపోతుంది. చెక్క పలకలు పేర్చిన నేల కదులుతున్నట్టు ఉంటుంది.

మా అమ్మకి ఇదేమీ పట్టదు. “బొమ్మ కనబడుతోంది, పాట వినబడుతోంది. ఇంకేం కావాల్రా నీకు?” అంటుంది. ఈ మాటని నేను తేలిగ్గా తీసెయ్యలేను. స్పష్టత కోసం ఈ తాపత్రయం అంతా ఒక రకమైన దర్జా కాదా? పెద్ద టీవీ కొన్నాక దానికి తగ్గ బొమ్మ కావాలనే కోరికకి కళ అనే పేరు పెట్టుకుంటున్నామా? కథకీ పాటకీ కదిలిపోయే మనిషికి చుక్కల లెక్కతో పనేంటి?

కానీ అమ్మ ఆ సినిమాని చిన్నప్పుడు వాళ్ల ఊరి టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూసింది. ప్రింటుకి గీతలు పడి ఉండొచ్చు, మధ్యలో తెగి ఉండొచ్చు, ఆ తెర మీద మాత్రం నది నదిలానే పారింది. వీసీడీలో గళ్లు కనబడినప్పుడు ఆమె మనసు లోపల్నుంచి ఆ నీటిని తెచ్చి పోస్తుంది. ఆమెకి ఆ డిస్కు ఒక గుర్తు. ఫోటో మసకబారినా అందులో ఉన్న మనిషిని తెలిసినవాళ్లు గుర్తుపడతారు కదా, అలా. నాకు ఆ జ్ఞాపకం లేదు. నాకున్నది ఆ గళ్లే. అంటే ఒకే డిస్కు ఆమెకి జ్ఞాపకం, నాకు అజ్ఞానం. నా తర్వాత చూసేవాళ్లకి, ‘పాత సినిమాలు ఇలాగే ఉండేవి కాబోలు’ అనే అపోహ.

ఇక్కడ నాకు ప్రశ్న కొంచెం తిరిగింది. కొత్త ప్రతి అవసరం పాత రోజుల్ని తలుచుకునేవాళ్లకి కాదు. వాళ్లకి ఉన్నదే చాలు. అది కావలసింది అప్పుడు అక్కడ లేనివాళ్లకి.

తెలుగు చదువుకునేవాళ్లకి ఇది కొత్త సమస్య కాదు. తాటాకు శాశ్వతం కాదు, పురుగు పడుతుంది, అంచులు విరుగుతాయి. మన దాకా వచ్చిన పాత కావ్యాలన్నీ ఎవరో ఒకరు ఓపిగ్గా ఇంకో ఆకు మీదికి దింపబట్టి వచ్చినవే. ఆకు నుంచి ఆకుకి, ఆకు నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకి, అచ్చు నుంచి తెరకి. ఇప్పుడు మనం ‘ఫార్మాట్ మార్చడం’ అంటున్నది వాళ్లకి నిత్యకృత్యం. దింపనివి పోయాయి, అంతే.

అయితే దింపేటప్పుడు ఇంకోటి కూడా జరిగింది. రాసేవాడికి అర్థంకాని మాట దగ్గర అర్థమయ్యే మాట వచ్చి కూర్చుంది. నచ్చని చోట సవరణ పడింది. ఎవరివో పద్యాలు వచ్చి చేరాయి. అందుకే మనకి పాఠాంతరం, ప్రక్షిప్తం, పరిష్కరణ అనే మాటలున్నాయి. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాల్ని అచ్చు వేసేముందు చేతికి దొరికిన మొదటి ప్రతిని నమ్మి ఊరుకోలేదు. చాలాచోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పండితుల్ని పెట్టుకుని, ఒకదాంతో ఒకటి పోల్చి చూపించాడు. మంచి పరిష్కర్త తను ఎంచుకున్న పాఠం పైన వేస్తాడు, వదిలేసినదాన్ని కింద చూపిస్తాడు. నాకు ఈ మాటలు సినిమాల విషయంలో కూడా అచ్చంగా సరిపోతాయనిపిస్తుంది.

ఎందుకంటే స్పష్టంగా ఉన్న ప్రతి నమ్మదగిన ప్రతి కావాలని లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ని 2010లో రంగులద్ది, డీటీఎస్ శబ్దంతో థియేటర్లలో వేశారు. చాలామంది ఇష్టంగా చూశారు, కొత్త తరం కొంత ఆ దారినే ఆ సినిమాకి చేరింది. కాదనను. కానీ మార్కస్ బార్ట్లీ ఆ సినిమాని నలుపు తెలుపుల్లో ఊహించి వెలుగు పెట్టాడు. ఆయన వెన్నెల నీలంగా ఉండదు, బూడిద రంగులోని మెట్లతో తయారైంది అది. దాని మీద రంగు వేస్తే సినిమాకి ఏదో కలిసినట్టుంటుంది, ఆయన చేసిన పని మాత్రం కిందికి వెళ్లిపోతుంది. మన మాటలో చెప్పాలంటే అది ప్రక్షిప్తం. ప్రక్షిప్తం కూడా బాగుండొచ్చు. జనం నోట నిలిచిన ప్రక్షిప్త పద్యాలు మనకి బోలెడు. దాన్ని మూలం అనకుండా ఉంటే చాలు.

ఇంకో రకం మార్పు కంటికి అంత త్వరగా దొరకదు. ఫిల్ములో సహజంగా ఉండే గ్రెయిన్‌ని ‘మురికి’ అనుకుని తుడిచేస్తారు, దాంతో పాటు చర్మం మీది ముడతలూ బట్టల నేతా పోయి మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. ‘టెర్మినేటర్ 2’ 4కె ప్రతి మీద వచ్చిన ప్రధానమైన ఫిర్యాదు ఇదే. పాత సినిమాల చదరపు బొమ్మని వెడల్పు టీవీకి నింపడానికి పైనా కిందా కోసేయడం మరొకటి. ఆన్‌లైన్‌లో ఇలాంటివి కావలసినన్ని. నాట్యం చేసే మనిషి పాదాలు తెర కింద ఎక్కడో ఉండిపోతాయి. దాని మీద మళ్లీ ‘4కె’ అని రాసి ఉంటుంది. మా వీసీడీలో బొమ్మ మసక, పాదాలు ఉంటాయి. ఈ రెండింటిలో ఏది మంచి ప్రతి?

మరి మార్చింది దర్శకుడే అయితే? వాంగ్ కార్-వై 2021లో తన పాత సినిమాల్ని 4కెలోకి తెచ్చినప్పుడు రంగులు మార్చాడు, ‘ఫాలెన్ ఏంజెల్స్’కి ఫ్రేము వెడల్పే మార్చేశాడు. జార్జ్ లూకస్ 1977 నాటి ‘స్టార్ వార్స్’కి 1997లో కొత్త దృశ్యాలు, కొత్త గ్రాఫిక్స్ చేర్చాడు. థియేటర్లలో మొదట జనం చూసిన రూపం 2006లో డీవీడీకి అనుబంధంగా, నాసిరకంగా వచ్చింది. ఆ తర్వాతి బ్లూ-రే, 4కె డిస్కుల్లో అది లేదు. సృష్టికర్తకి ఆ హక్కు లేదా అంటే, ఉంది. కవి రెండో ముద్రణలో పద్యాన్ని తిరగరాసుకుంటే మనం అభ్యంతరం పెట్టం. మొదటి ముద్రణని గ్రంథాలయాల్లోంచి వెనక్కి లాక్కుంటే మాత్రం ఊరుకోం. రాసుకునే హక్కు రాసినవాడిది. చదివిన రూపాన్ని దాచుకునే హక్కు చదివినవాడిది. ఇళ్లలో పడి ఉన్న పాత డిస్కులకి ఇంత విలువ ఉన్నది ఇక్కడే. వాటిని ఇంట్లోకొచ్చి ఎవరూ సవరించలేరు. స్ట్రీమింగులో ఆ ధైర్యం లేదు. ఒప్పందం ముగిస్తే సినిమా మాయమవుతుంది, ఉన్నా రేపు ఏ పాఠం వేస్తారో మన చేతిలో ఉండదు. అక్కడ మనం కొనుక్కునేది చూడ్డానికి అనుమతి మాత్రమే.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. డిస్కు ఒకసారి కొన్నాను కదా, అదే సినిమా మంచి ప్రతిని ఎక్కడో ఉచితంగా దింపుకుంటే తప్పేంటి అని మా స్నేహితుల్లో ఒకడు వాదిస్తాడు. నాన్న ఇచ్చిన 28 రూపాయలు ఆ సినిమా తాలూకు ఒక ప్రతికి. దాన్ని ఇకముందు ఎవరెవరో కూర్చుని శుభ్రం చెయ్యబోయే పనికి కాదు. ఒక్కో ఫ్రేము మీద గీతలు చెరిపిన మనుషుల శ్రమ కొత్తది, దానికి వెల కూడా కొత్తదే. కాబట్టి మంచి ప్రతి అమ్మకానికి ఉంటే కొనాలి. పైగా అలా కొనేవాళ్లు లేకపోతే ఇంకో పాత తెలుగు సినిమాని ఎవరూ బాగుచెయ్యరు. 2022లో ‘పోకిరి’, ‘జల్సా’ 4కెలో మళ్లీ హాళ్లకొస్తే అభిమానులు తోసుకుంటూ వెళ్లారు. హీరో పుట్టినరోజు లేని సినిమాలకి ఆ బలం లేదు.

అసలు అమ్మకానికే లేని సినిమాల మాటేంటి? మా అల్మరాలో అలాంటివి కనీసం నలభై ఉన్నాయి. పెద్ద పేర్లేమీ కావు. ఒకటీ రెండు వారాలు ఆడి వెళ్లిపోయినవి. వెతికితే డీవీడీ లేదు, బ్లూ-రే ప్రసక్తే లేదు. వాటి విషయంలో ‘అప్‌గ్రేడ్’ అనే మాటకి అర్థం లేదు, ఎక్కడానికి పై మెట్టు లేదు గనక. మన మొదటి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ఈ రోజు చూద్దామంటే మనకి లేదు. మొదటి సినిమాకే దిక్కులేనప్పుడు వీటినెవరు కాపాడతారు?

‘పథేర్ పాంచాలీ’ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. దాని నెగెటివ్ 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కాలి పెళుసుబారిన ఆ చుట్టల్ని పారెయ్యకుండా దాచారు. చాలా ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు వాటికి తిరిగి తేమ పట్టించి, పనికొచ్చే భాగాల్ని వాడుకున్నారు. పనికిరాని చోట్ల వేర్వేరు దేశాల్లో దాచి ఉన్న రెండో తరం ప్రతుల్ని తెచ్చి అతికారు. 2015లో ఆ సినిమా మళ్లీ తెర మీదికొచ్చింది. కాలిందీ నకలూ రెండూ పనికొచ్చాయి. ఏ ప్రతి ఎప్పుడు అక్కరకొస్తుందో దాచేవాడికి తెలియదు.

ఇదంతా ఒక అంతులేని పరుగేమో అనే భయం కూడా ఉండేది. వీసీడీ అయ్యాక డీవీడీ, తర్వాత బ్లూ-రే, తర్వాత 4కె, రేపు ఇంకోటి. అంగడివాడికి అదే కావాలి. కానీ ప్రతి సినిమాకీ ఒక గట్టు ఉంది. మామూలు 35 ఎం.ఎం. సినిమాకి ఇంచుమించు 4కె దగ్గర అసలు వివరం అయిపోతుంది, అది దాటితే పెద్దగా కనబడేది గ్రెయినే. 2000 తర్వాత వచ్చిన చాలా సినిమాల ఆఖరి మాస్టరు 2కెలోనే తయారైంది, వాటికి బ్లూ-రే చాలు. ‘28 డేస్ లేటర్’ లాంటిది చాలాభాగం మినీ డీవీ కెమెరాతోనే తీశారు, దాని మసకే దాని నిజం. కాబట్టి అడగాల్సింది ‘కొత్తది ఏది?’ అని కాదు, ‘ఇది పుట్టినప్పుడు ఎంత ఉంది?’ అని.

అలా అడగడం మొదలుపెట్టాక డిస్కులు వాటంతటవే మూడు దొంతర్లయ్యాయి. నెగెటివ్ నుంచి నిజాయితీగా బాగుచేసిన ప్రతి దొరికేవి మొదటి దొంతర. అవి పదిహేనుకి మించలేదు, నెమ్మదిగా కొంటాను. కొత్త ప్రతిలో రంగో ఫ్రేమో మారినవి రెండోది. కొత్తది కొన్నా కొనకపోయినా వీటి పాత డిస్కు ఇంట్లోంచి కదలదు. వేరే దిక్కులేనివి మూడోది, పని ఎక్కువున్నది దీని దగ్గరే. డిస్కులోని అల్యూమినియం పొరకి గాలి తగిలితే తుప్పు పడుతుంది, ఎంత జాగ్రత్తగా దాచినా. అందుకని వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, ఏ సవరణా లేకుండా, హార్డ్ డిస్కులోకి దింపుతున్నాను. ఒక కాపీ మా ఇంట్లో, ఒకటి అక్క వాళ్లింట్లో. బొమ్మని పదును చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, మసక మొహానికి కళ్లూ కనుబొమలూ ఊహించి గీస్తాయి. వాటి జోలికి పోవడం లేదు. ఎవరో ఒక నటి కనుబొమల్ని నా కంప్యూటరు కల్పించడం నాకిష్టం లేదు.

ఒక్కో ఫైలు పక్కన చిన్న నోటు పెడుతున్నాను: ఏ డిస్కు నుంచి తీసింది, ఎప్పుడు, ఎక్కడ బొమ్మ ఆగుతుంది, ఏ పాట సగంలో కోతపడింది. పాత లేఖకులు కావ్యం దింపాక చివర్లో తమ పేరు, తిథి రాసి, తప్పులుంటే మన్నించమని పెద్దల్ని కోరేవారు. నేను తప్పులు ఎక్కడెక్కడున్నాయో నిమిషాలతో సహా రాస్తున్నాను. మొన్న దింపిన దానికి రాసింది ఇది: “రెండో డిస్కు, 41వ నిమిషం నుంచి 43 దాకా బొమ్మ లేదు, మాటలు మాత్రం వినబడతాయి. ఇంతకంటే మంచి ప్రతి మీ దగ్గరుంటే, ఇది తీసేయకండి, దాని పక్కన పెట్టండి.”