అడిగితే పోయేదేమిటి?

మా వదిన హైస్కూల్లో సోషల్ టీచరు. మొన్న శనివారం సాయంత్రం వస్తూనే హ్యాండుబ్యాగు కుర్చీలో పడేసి, "పొద్దుణ్ణించీ ట్రైనింగు! పిల్లల్లో డిప్రెషన్ ఎలా కనిపెట్టాలో, చచ్చిపోవాలనుకునే పిల్లని ఎలా గుర్తుపట్టాలో చెప్పారు. ఓటర్ల జాబితాలు మావే, మధ్యాహ్న భోజనం లెక్కలు మావే. ఇప్పుడు మనసుల లెక్కలు కూడా మేమే చూడాలా?" అంది.

కాఫీ ఇచ్చాను. వదిన కోపం కాఫీతో సగం తగ్గుతుంది. మిగిలిన సగం మాత్రం, చెప్పొద్దూ, న్యాయమైన కోపమే. 60 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడు. ఎవరి మొహంలోకని చూస్తుంది?

అయినా నాకో పాత సంగతి గుర్తొచ్చి, వదినకి వంత పాడలేకపోయాను.

బి.ఏ. రెండో ఏడు చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. నా గదిలో ఉండే అమ్మాయి మొదట్నించీ నెమ్మదస్తురాలే. సంక్రాంతి సెలవుల తర్వాత మరీ మూగదైపోయింది. ఒకరోజు తను ఎవర్నీ ముట్టుకోనివ్వని నెమలికంఠం రంగు పట్టు ఓణీ తీసి నా చేతిలో పెట్టి, "నువ్వుంచుకో, నీకు బావుంటుంది" అంది. నేనేం చేశానో తెలుసా? అద్దం ముందు నిలబడి, వేసుకుని చూసుకుని మురిసిపోయాను!

మెస్సులో వడ్డించే ఆయమ్మకి చదువు రాదు. కానీ నాలుగు రోజులుగా ఆ పిల్ల కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉండిపోతోందని ఆవిడే చూసింది. అయిదో రోజు పక్కన చతికిలబడి, "ఏం తల్లీ, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగేసింది. నేను బిత్తరపోయాను. అలా అడుగుతారా ఎవరైనా? ఆ పిల్ల మాత్రం ఆయమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎవరికీ చెప్పకు" అని బతిమాలింది. "చెప్పకుండా ఎట్టా ఉంటానమ్మా" అంటూ ఆయమ్మ చెయ్యి పట్టుకుని వార్డెను దగ్గరికి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్నగారొచ్చారు, డాక్టరుకి చూపించారు. ఒక ఏడాది చదువు పోయింది, అంతే. ఇప్పుడావిడ నా నవలల్లో అచ్చుతప్పులు పట్టి మరీ ఫోను చేస్తుంటుంది.

మనసుల గురించి కథలల్లే నాకు కనిపించనిది ఆయమ్మకెలా కనిపించింది? నేను ఆ పిల్ల మౌనాన్ని మంచితనం అనుకున్నాను. ఇంట్లోనూ బళ్ళోనూ మనం చేసే పనే అది. నోరెత్తని పిల్లకి "బుద్ధిమంతురాలు" అని పేరు పెట్టి మర్చిపోతాం. కొందరు పిల్లల్లో దిగులు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. వాళ్ళకి "పొగరు" అని పేరు పెడతాం. నిద్ర, తిండి, మార్కులు ఉన్నట్టుండి మారిపోవడం, స్నేహితులకి దూరం జరగడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే మీకు హాయి" అనడం... ఇవన్నీ పిల్లలు మాటలు చాలక చెప్పుకునే మాటలే. పేరు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగమనడమే ట్రైనింగంటే.

2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. విశాఖపట్నం నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పిస్తూ, విద్యాసంస్థల సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు ఈ శిక్షణ ఇవ్వాలంది. పాఠాలు చెప్పేవాళ్ళకే కాదు, చెప్పనివాళ్ళకి కూడా. మా ఆయమ్మ గుర్తొచ్చి నాకు ఆ ముక్క ఎంతో నచ్చింది. 100 మంది, అంతకు పైన పిల్లలున్నచోట అర్హత గల కౌన్సిలరు ఉండాలని కూడా అంది. అంటే వదినని వైద్యం చెయ్యమనడం లేదు. చూడమంటున్నారు, అడగమంటున్నారు, తెలిసినవాళ్ళకి అప్పగించమంటున్నారు.

"అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవదూ?" అంది వదిన. అవదట. సూటిగా, ప్రేమగా అడిగితే ఆ ఆలోచన పెరగదనే పరిశోధనలు చెబుతున్నాయి.

"మరి చెప్పనని ఒట్టు వేయించుకుంటే?"

ఇదీ అసలు చిక్కు. హరిశ్చంద్రుడి కథ వింటూ పెరిగినవాళ్ళం, మాట తప్పడం మనకి మహాపాపం. కానీ ఆలోచించండి. ఒట్టు నిలబెట్టుకుంటే మంచిపేరు నాకు. తప్పితే ప్రాణం ఆ పిల్లకి. నా మంచిపేరు కోసం ఇంకొకరి ప్రాణం పణంగా పెట్టే హక్కు నాకెక్కడిది? అందుకే అసలు ఒట్టే వెయ్యకూడదు. "నీకు సాయం చెయ్యగలవాళ్ళకి చెప్తాను, నీకు తెలిసేలాగే చెప్తాను" అనాలి. స్టాఫ్ రూములో టీ తాగుతూ చెప్పుకోవడం మాత్రం చెప్పడం కిందికి రాదు! ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వం వారి టెలి మానస్ ఉంది. 14416 కి రాత్రీ పగలూ ఫోను చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

వదిన ఏమీ అనలేదు. ఆ నంబరు మాత్రం డైరీలో రాసుకుంది.

సోమవారం మధ్యాహ్నం నేనే ఫోను చేశాను. ఆఖరి బెంచీలో కూర్చునే పిల్లని "అన్నం తిన్నావా?" అని అడిగిందిట. "ఆకలి లేదు టీచర్" అందిట.

"తర్వాత?" అన్నాను ఆత్రంగా.

"తర్వాతేమిటి, నా పక్కనే కూర్చుంది. మాట్లాడుతున్నాం. నువ్వు మళ్ళీ చెయ్యి" అని టక్కున ఫోను పెట్టేసింది మా వదిన.