మార్తమ్మ మళ్ళీ వడ్డించింది

జూలై 29: పునీతులు మార్తమ్మ, మరియమ్మ, లాజరు గార్ల స్మరణ
సువిశేషం: యోహాను 11:19-27 లేదా లూకా 10:38-42

విచారణ పండుగనాడు ఒకసారి గుడి వెనక్కి వెళ్ళి చూడండి. ఇటుకలు పేర్చిన పొయ్యిల మీద అన్నం గుండిగలు ఉడుకుతుంటాయి. పక్కన గోనెపట్టా పరుచుకుని వంకాయలు తరిగే ఆడవాళ్ళు నలుగురైదుగురుంటారు. లోపల పూజ జరుగుతుంటుంది. గురువుగారి ప్రసంగం వాళ్ళకు మైకులోనే అందుతుంది, అదీ గంటె చప్పుడు ఆగినప్పుడు. సత్ప్రసాదం వేళకు ఒకామె తలమీద కొంగు సర్దుకుని వెళ్ళొస్తే, అప్పటిదాకా పొయ్యి చూసిన రెండో ఆమె బయలుదేరుతుంది. ఆ రోజు ప్రసంగం లూకా పదో అధ్యాయం మీదైతే మాత్రం వీళ్ళకు ఇబ్బందే. మార్తలా హైరానా పడకండి, మరియలా కూర్చోండి అని మైకు చెబుతుంటే, సాంబారులో ఉప్పు చూస్తున్న ఆమె ఏమనుకోవాలి?

మా అమ్మ చాలా ఏళ్ళు ఆ పొయ్యిల దగ్గరే ఉంది. “అందరూ మరియమ్మలై లోపల కూర్చుంటే మీకు కూడు ఎవరు పెడతార్రా?” అని ఓ పండుగనాడు నవ్వుతూ అంది. అది ఉత్త నవ్వు కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

మామూలు రోజుల్లో సువిశేషం సామాన్య కాలపు వరుసలో సాగిపోతుంది. ఈ స్మరణకు మాత్రం శ్రీసభ ప్రత్యేకంగా రెండు పఠనాలు ఇచ్చి, ఒకటి ఎంచుకోమంటుంది. ఒకటి మార్తమ్మ ఫిర్యాదు చేసిన పూట, రెండోది ఆమె విశ్వాసం ప్రకటించిన పూట. మొదటిదే చదివి ఆగిపోతే ఆమె కథ సగంలో తెగిపోతుంది. మన ప్రసంగాల్లో తరచుగా జరిగేది అదే.

ఇంతకీ నిన్నమొన్నటి దాకా ఈ రోజు మార్తమ్మ ఒక్కదానిదే. 591వ సంవత్సరం ప్రాంతంలో పునీత గ్రెగొరీ పోపు తన ప్రసంగంలో బెతానియా మరియమ్మనూ మగ్దలా మరియమ్మనూ ఒకరినే చేసి మాట్లాడారు. పడమటి సంఘం శతాబ్దాల పాటు ఆ దారినే నడిచింది. దాంతో మార్తమ్మ చెల్లెలు మరియమ్మకు సొంత రోజంటూ లేకుండా పోయింది. 2021 జనవరి 26న పోపు ఫ్రాన్సిస్ అనుమతితో రోము నుంచి ఆదేశం వచ్చి, ముగ్గురు తోబుట్టువులూ ఒకే రోజు కింద చేరారు. ఒకే ఇంటివాళ్ళను ఒక్కచోట చేర్చడానికి ఇన్నాళ్ళు పట్టింది. వారి ఊరు బెతానియాను ఇప్పుడు అల్-ఐజారియా అంటారు. లాజరు పేరు మీద వచ్చిన పేరే అది. ఊరికే పేరిచ్చిన ఆ తమ్ముడు సువిశేషాల్లో ఒక్క మాటైనా మాట్లాడడు. మాట్లాడేది అక్క.

లూకా ఆ ఊరి పేరు చెప్పడు, లాజరు ఊసెత్తడు. ప్రభువును ఇంట్లోకి ఆహ్వానించింది మార్త అని మాత్రం స్పష్టంగా రాశాడు. తలుపు తీసింది ఆమె. ఆమె తీయకపోతే మరియమ్మ కూర్చోవడానికి పాదాలెక్కడివి? చెల్లెలు కూర్చున్న చోటు కూడా సామాన్యమైంది కాదు. గురువు పాదాల దగ్గర కూర్చోవడమంటే శిష్యరికం చేయడం. గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నానని పౌలు చెప్పుకున్నది ఆ అర్థంలోనే. ఆ కాలపు ఇంట్లో ఒక ఆడపిల్ల ఆ చోట కూర్చుంటే ప్రభువు లేవమనలేదు.

వడ్డన పనంతా తన ఒక్కదాని మీదే పడిందని, సాయం చేయమని చెల్లెలికి చెప్పమని మార్త ప్రభువుకు ఫిర్యాదు చేసింది. ఇక దానికి ఆయన మందలింపు సంగతి. ప్రభువు ఆమె పేరును రెండుసార్లు పలికాడు. బైబిల్లో దేవుడు పేరును రెండుసార్లు పిలిచిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కత్తి ఎత్తిన అబ్రహామును అలా పిలిచాడు. మండుతున్న పొద దగ్గర మోషేను, రాత్రి నిద్రలో ఉన్న బాలుడు సమూయేలును, దమస్కు దారిలో సౌలును అలాగే పిలిచాడు. ఆ వరుసలో మార్త ఒకతె. అది కసురుకోవడం అయ్యుంటుందా? ఆయన వంటను తప్పు పట్టలేదు, వడ్డనను తక్కువ చేయలేదు. ఆమె మనసు పది దిక్కులకు లాగుతున్న సంగతి మాత్రం పట్టుకున్నాడు. చేతిలో పని కన్నా, పక్కవాళ్ళు చేయడం లేదన్న లెక్క ఆమెను ఎక్కువ అలసగొట్టింది. వంటింట్లో ఒంటరిగా నిలబడ్డ ఎవరికైనా ఆ లెక్క తెలుసు. నాకైతే ఆఫీసులోనూ తెలుసు.

ఇప్పుడు యోహాను పదకొండో అధ్యాయానికి రండి. తమ్ముడు జబ్బుపడ్డాడని అక్కచెల్లెళ్ళు కబురు పంపితే ప్రభువు ఉన్నచోటే ఇంకో రెండు రోజులు ఆగిపోయాడు. వచ్చేసరికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. యెరూషలేముకు బెతానియా మూడు కిలోమీటర్ల లోపే కాబట్టి పరామర్శకు వచ్చినవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. మరియమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. అక్క మాత్రం ప్రభువుకు ఎదురు వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే, నువ్వు ఇక్కడుంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదని ముఖాన్నే అనేసింది. తర్వాత చెల్లెలూ అదే మాట అంటుంది, కానీ అక్కడే ఆగిపోతుంది. మార్త ఆగలేదు. ఇప్పటికైనా నువ్వడిగితే దేవుడిస్తాడని నాకు తెలుసు అంది. పునరుత్థానమూ జీవమూ తానేనని ఆయన వెల్లడించింది ఈ వంటింటి మనిషితో. ఆమె ఇచ్చిన జవాబు, ఫిలిప్పు కైసరయ దగ్గర పేతురు చెప్పిన విశ్వాస ప్రకటనకు ఏమాత్రం తీసిపోదు. పైగా పేతురు చెప్పినప్పుడు ఎదురుగా సమాధి లేదు.

ఆ తర్వాత జరిగినదాన్ని మనం సాధారణంగా గమనించం. మార్త ఇంటికి వెళ్ళి చెల్లెల్ని రహస్యంగా పిలిచి, గురువు వచ్చాడనీ నిన్ను పిలుస్తున్నాడనీ చెప్పింది. లూకాలో, చెల్లెల్ని నాకు సాయానికి పంపు అని ప్రభువును అడిగింది ఈమే. ఇక్కడ అదే చెల్లెల్ని తానే ప్రభువు దగ్గరికి పంపుతోంది. ఈ రెండింటికీ మధ్య ఆమెలో ఏం మారిందో సువిశేషం చెప్పదు. అలాగని మార్తమ్మ ధ్యానంలో తేలిపోయే మనిషీ కాలేదు. సమాధి రాయి తీయమన్నప్పుడు, నాలుగు రోజులైంది, వాసన వస్తుందని గుర్తుచేసింది ఆమే. ఇల్లు నడిపే మనిషి ముక్కు అంత తేలిగ్గా మూసుకోదు.

పాస్కకు ఆరు రోజుల ముందు ఆ ఊళ్ళోనే మళ్ళీ విందు జరిగింది. యోహాను పన్నెండో అధ్యాయంలో ఉంది. బతికొచ్చిన లాజరు పంక్తిలో కూర్చున్నాడు. మరియమ్మ మళ్ళీ ఆ పాదాల దగ్గరే ఉంది. ఈసారి జటామాంసి అత్తరు పోసి తన తలవెంట్రుకలతో తుడుస్తోంది. ఇల్లంతా పరిమళం. మరి మార్త? వడ్డిస్తోంది. యోహాను ఒక్క ముక్కలో చెప్పి దాటిపోయాడు గానీ, నేను మాత్రం ప్రతి ఏడూ అక్కడే ఆగిపోతాను. అదే ఇల్లాలు, అదే పని, చెల్లెలు కూర్చున్నదీ అదే చోటు. సణుగుడు మాత్రం ఈసారి ఆమె నోటి నుంచి రాలేదు, శిష్యుడు యూదా ఇస్కారియోతు నోటి నుంచి వచ్చింది. ఆ అత్తరును మూడు వందల దేనారాలకు అమ్మి పేదలకు ఇవ్వొచ్చు కదా అన్నాడు. ఒక దేనారం అంటే ఆనాటి ఒక రోజు కూలి. లెక్కలు అతనికి వదిలేసి మార్తమ్మ గంటె పట్టుకుంది. ప్రభువు ఆమెను వంటింట్లోంచి లేపలేదు. ఆమె చేతి కూడు తిని ఆ వారంలోనే సిలువకు వెళ్ళాడు.

మా అమ్మకు ఈ మూడు పూటల కథ వరుసగా చదివి వినిపించే అవకాశం నాకు ఆలస్యంగానే దొరికింది. అప్పటికి పొయ్యిల దగ్గర కూర్చునే ఓపిక ఆమెకు లేదు. విని, “అంటే ఆయమ్మ మానలేదన్నమాట” అంది. ఇంకేమీ అనలేదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో యోహాను 12వ అధ్యాయం మొదటి ఎనిమిది వచనాలు చదవండి. చదివే ముందు ఇంట్లో అందరూ వచ్చి కూర్చున్నారో లేదో చూసుకోండి. పొయ్యి మీద పాలున్నాయి, మీరు కానివ్వండి అని ఎవరైనా అంటే, జపమాలా బైబిలూ పట్టుకుని మీరే వంటింట్లోకి వెళ్ళండి.