32,000 మంది ఎక్కువయ్యారు, 300 మంది చాలన్నాడు



ఈ వారం వీడియోలో "దేవుడి మాట వినడం అంటే ఏంటి?" అని మాట్లాడుకున్నాం కదా. టైమ్ సరిపోక ఒక కథ వదిలేశాను. అది మన పురాణాల్లోది కాదు. ప్రాచీన ఇశ్రాయేలీయులది. బైబిల్లో న్యాయాధిపతులు అనే పుస్తకంలో 6 నుంచి 8 అధ్యాయాల దాకా ఉంటుంది. వేరేవాళ్ళ కథ మనకెందుకు అనుకోకండి. ఇది చదివాక నా తప్పు ఒకటి నాకే కనిపించింది.

ఏడేళ్లుగా మిద్యానీయులు ఇశ్రాయేలీయుల్ని పీడిస్తున్నారు. పంట చేతికొచ్చే వేళకి ఒంటెలేసుకుని వచ్చి అంతా పాడుచేసి పోయేవారు. గొర్రె, ఎద్దు, గాడిద ఏదీ మిగిలేది కాదు. గిద్యోను అనే ఆయన వాళ్ళ కంటపడకుండా, ద్రాక్షపళ్ళు తొక్కే తొట్టి దగ్గర చాటుగా గోధుమలు నూర్చుకుంటున్నాడు. అలాంటి మనిషిని పిలిచి, నీ జనాన్ని నువ్వే కాపాడాలి అన్నాడు దేవుడు. "మాది బలం లేని వంశం, మా ఇంట్లో నేనే చిన్నవాణ్ణి" అన్నాడాయన.

సరే, సైన్యం పోగైంది. 32,000 మంది. అవతల శత్రువులు 1,35,000. మనమైతే ఇంకొంతమందిని పంపు స్వామీ అని మొక్కుకుంటాం. దేవుడు మాత్రం మీరు ఎక్కువమంది ఉన్నారు అన్నాడు. భయపడేవాళ్ళని ఇంటికి పొమ్మంటే 22,000 మంది వెళ్లిపోయారు. మిగిలిన 10,000 మందిని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. చేత్తో నీళ్లు నోటికి తెచ్చుకుని గతికినవాళ్ళు 300 మంది. మోకాళ్ల మీద వంగి తాగినవాళ్ళందర్నీ పంపించేయమన్నాడు.

ఎందుకిలా? కారణం ముందే చెప్పాడు. ఇంతమందితో గెలిస్తే "మా చెయ్యే మమ్మల్ని కాపాడింది" అని గొప్పలు పోతారట. సైన్యాన్ని తగ్గించింది అందుకే.

గిద్యోనుకి భయం పోలేదు. ఆ రాత్రి దేవుడు ఆయన్ని తిట్టలేదు. భయమైతే నీ పనివాణ్ణి తోడు తీసుకుని శత్రువుల దండు దగ్గరికి వెళ్లి, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో విను అన్నాడు. అక్కడ ఒక సైనికుడు తన కల చెప్తున్నాడు. ఒక బార్లీ రొట్టె దొర్లుకుంటూ వచ్చి డేరాని పడగొట్టిందట. అది విని గిద్యోను దండం పెట్టుకుని వెనక్కొచ్చాడు.

ఇక యుద్ధం. 300 మంది మూడు గుంపులయ్యారు. ఒక్కొక్కరికీ ఒక బాకా, ఒక ఖాళీ కుండ, అందులో ఒక కాగడా. అర్ధరాత్రి కుండలు పగలగొట్టి, ఎడమచేత్తో కాగడా, కుడిచేత్తో బాకా పట్టుకుని కేకలేశారు. ఇక్కడ కాస్త ఆగండి. రెండు చేతులూ నిండిపోయాయి. మరి కత్తి ఏ చేత్తో పట్టుకుంటారు? ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు, అంతే. దండులో గందరగోళం పుట్టి శత్రువులు ఒకరినొకరు నరుక్కున్నారు.

మన గీతలో 11వ అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో నువ్వు నిమిత్తమాత్రుడివి అంటాడు. నాకు వెంటనే అదే గుర్తొచ్చింది.

ఒక డౌట్ రావాలి మీకు. "దేవుడు చెప్పాడు, అందుకే కొట్టాను" అని ఎవడైనా అనొచ్చు కదా? దానికి జవాబు ఈ కథ చివర్లోనే ఉంది. గెలిచాక శత్రువుల్ని తరుముతూ గిద్యోను రెండు ఊళ్లలో తనవాళ్ళకి రొట్టెలడిగాడు. వాళ్ళు ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక ఊరి పెద్దల్ని ముళ్లకంపలతో శిక్షించాడు. ఇంకో ఊరివాళ్ళని చంపాడు. ఆ అధ్యాయంలో దేవుడు గిద్యోనుతో మాట్లాడినట్టు ఒక్క మాట కూడా లేదు. ఆ కోపం ఆయన సొంతం. తర్వాత రాజుగా ఉండమంటే వద్దన్నాడు, మంచిదే. కానీ దోపిడీలో దొరికిన పోగులు అడిగి తీసుకుని, 1,700 తులాల బంగారంతో ఏఫోదు అనే పూజావస్త్రం చేయించి తన ఊళ్లో పెట్టాడు. జనం దేవుణ్ణి వదిలేసి దాని వెంట పడ్డారు. అదే ఆయన ఇంటికి ఉరి అయిందని రాశారు.

భయంలో మాట విన్న మనిషి, గెలుపులో జారిపోయాడు.

ఇక నా సంగతి. ఒక వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్‌లో అన్నదానం కోసం చందాలకి నేనే తిరిగాను. తీరా చూస్తే బ్యానర్ మీద నా పేరు లేదు. అలిగి కిందికే దిగలేదు. వడ్డించడానికి మనుషులు చాల్లేదట. మా అమ్మ వెళ్లి సాంబారు బకెట్ పట్టుకుంది. ఆవిడ పేరు కూడా ఎక్కడా లేదు, ఆ సంగతి ఆవిడకి గుర్తు కూడా లేదు. నేను చేసింది దేవుడి పనే అనుకున్నాను. పేరు తీసేస్తే పనే మానేశాను. మరి అది ఎవరి పని?

అందుకే ఇప్పుడు నాకు నేను పెట్టుకునే పరీక్ష ఒకటే. "దేవుడి కోసం" అంటూ నేను చేసే పనిలో నా వాటా పెరుగుతోందా, తగ్గుతోందా? పెరుగుతుంటే ఒక్క క్షణం ఆగాలి.

ఈ వారం ఒక మంచి పని చేయండి. ఎవరికీ చెప్పకండి, స్టేటస్ కూడా పెట్టకండి. లోపల ఎంత దురద పుడుతుందో చూడండి. నాకైతే బాగానే పుట్టింది!

వచ్చే వారం కలుద్దాం. జై శ్రీకృష్ణ.