ఆఖరి చెయ్యి

మా ఆవిడ పోయిన నెల గ్రైండరు కొంది. ఇది లోకానికి చాటవలసిన విశేషం కాదనుకోండి. కానీ ఆ గ్రైండరు ఎవరివల్ల కొన్నామన్న ప్రశ్న మీద మా ఇంట్లో ఓ ఆదివారమంతా గడిచిపోయింది. ఆ తరవాత నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకని మీకు చెబుతున్నాను.

ప్రశ్న లేవదీసినవాడు మా మేనల్లుడు రవి. హైదరాబాదులో ఓ ప్రకటనల కంపెనీలో పని. ఫోనులో కనిపించే ప్రకటనని ఎంతమంది నొక్కారు, నొక్కినవాళ్ళలో ఎంతమంది కొన్నారు, ఆ లెక్క చూడటమే వాడి ఉద్యోగం. నొక్కితే క్లిక్కు, కొంటే కన్వర్షన్ అట. పొలాన్ని ఇళ్ళస్థలం చెయ్యడాన్ని కన్వర్షన్ అంటారని మనకి తెలుసు. మనిషిని కొనుగోలుదారు చెయ్యడాన్ని కూడా అలాగే అంటారన్నమాట!

"అత్తయ్యా, ఈ గ్రైండరు సంగతి నీకెలా తెలిసింది?" అని అడిగాడు వాడు.

మా ఆవిడ పూస గుచ్చినట్టు చెప్పింది. ముందు పక్కింటి సుభద్రమ్మగారు గారెలు పంపారు. దూదిలా ఉన్నాయే అని ఈవిడ వెళ్ళి గ్రైండరు పేరు అడిగొచ్చింది. తరవాత ఫోనులో ఓ వంటలావిడ అదే గ్రైండరులో పిండి రుబ్బుతూ కనిపించింది. ఆపైన బజారులో కొట్టుకి వెళ్ళి, మూత తీసి, రాళ్ళు తడిమి, ధర విని, మళ్ళీ వస్తామని చెప్పి వచ్చేసింది. చివరికి ఓ రాత్రి ఫోనులోనే కొనబోతూ, తగ్గింపు ఏమన్నా దొరుకుతుందేమోనని వెతికి, ఓ కూపన్ల దుకాణం తెరిచి, అక్కణ్ణించి వెళ్ళి కొనేసింది. తగ్గింది 150 రూపాయలు.

"అయితే కమీషను కూపన్లవాడికి" అని తేల్చేశాడు రవి.

"అదేమిట్రా! గారెలు పంపినావిడ మాటేమిటి?"

"పిన్నిగారి గారెలకి లింకు లేదు కదత్తయ్యా!"

ఆ లెక్క ఎలా సాగుతుందో నాకు విడమరిచి చెప్పాడు. మనం ప్రకటన నొక్కగానే ఆ లింకు వెనకాల ఓ పొడుగాటి గుర్తు తోకలా వస్తుందట. దుకాణంవాడు ఆ గుర్తుని మన ఫోనులోనే ఓ చిన్న చీటీ మీద రాసి దాచేస్తాడు. ఆ చీటీ పేరు కుకీ. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఆయన కనిపెట్టాడు. మనం డబ్బు కట్టాక "ధన్యవాదాలు" అని ఓ పేజీ వస్తుంది చూశారూ, మనకి దణ్ణం పెడుతున్నారని నేను ఇన్నాళ్ళూ మురిసిపోతున్నాను. ఆ పేజీ తెరుచుకోగానే చీటీ బయటికి తీసి, ఫలానా ప్రకటన వల్ల ఫలానా బేరం కుదిరిందని జమ రాసుకుంటారట. నొక్కినవి నాలుగు ఉంటే ఎవరికి జమ అంటారా? కమీషను బేరాల్లో మామూలుగా ఆఖరిదానికే. అంతకుముందు నడిచిన కథంతా సున్న.

ఈ బుద్ధి కొత్తదేమీ కాదు. ప్రకటనలో కత్తిరించి పంపే కూపను పెట్టి, ఏ పత్రికలోంచి ఎన్ని వచ్చాయో లెక్క కట్టండని క్లాడ్ హాప్కిన్స్ అనే అమెరికా ఆయన 1923లోనే పుస్తకం రాశాడు. ఎటొచ్చీ అప్పుడు కత్తెర మన చేతిలో ఉండేది, కూపను కత్తిరిస్తున్నామని మనకి తెలిసేది. ఇప్పుడు చీటీ మన జేబులోనే ఉంటుంది, మనకి తెలియదు.

"ఇది అన్యాయం కదురా" అన్నాను.

"ఎవరో ఒకరికి డబ్బివ్వాలి కదా మావయ్యా. ఓ పద్ధతంటూ ఉండాలి. లేకపోతే అందరూ మాదే అంటారు. అంటున్నారు కూడా! ఒకే మనిషి రెండుచోట్ల ప్రకటనలు చూసి ఒక్క గ్రైండరు కొంటే, ఆ ఇద్దరూ ఎవరి లెక్కలో వాళ్ళు పూర్తిగా రాసేసుకుంటారు. నొక్కకపోయినా సరే, చూసిన మర్నాటిలోగా కొంటే మావల్లే అనే ఏర్పాటు కూడా ఉంది. అందరి పద్దులూ కూడితే దుకాణంలో అమ్మిన సరుకు కంటే ఎక్కువ తేలుతుంది."

మరి నిజం తెలుసుకునే దారే లేదా అంటే, ఉందన్నాడు. ప్రకటన ఆపేసి చూడటమే. 2012లో ఈబే అనే పెద్ద అమెరికా కంపెనీ అదే చేసింది. తమ పేరు కొట్టి వెతికేవాళ్ళకి చూపించే ప్రకటనలు కొన్నిచోట్ల ఆపింది. ఏమైంది? ఆ ప్రకటన నొక్కి రావలసినవాళ్ళలో 99 శాతానికి పైగా ప్రకటన పక్కనున్న మామూలు దారిలోంచి వచ్చేశారు. వాళ్ళు ఎలాగూ వచ్చేవాళ్ళే! గుమ్మంలో నించుని లోపలికి పోయేవాళ్ళ చేతిలో చీటీ పెట్టి, నేనే పిలుచుకొచ్చానన్నట్టుంది వ్యవహారం. బ్లేక్, నోస్కో, టడేలిస్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు దీన్ని 2015లో అచ్చువేశారు. అలాగని ప్రకటనలన్నీ దండగని వాళ్ళు అనలేదు. కంపెనీ సంగతి తెలియని కొత్తవాళ్ళని కొన్ని ప్రకటనలు నిజంగానే తీసుకొచ్చాయి. గుమ్మంలో నించోవడం వేరు, వీధిలోంచి పిలుచుకురావడం వేరు. అంతే.

రవి సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు. "ఆపేసి చూడటం" అన్న మాట మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

నేను రిటైరైన రోజున ఆఫీసులో సభ చేశారు. దండ వేశారు, శాలువా కప్పారు, మాట్లాడమన్నారు. నాకు నియామకపు ఉత్తర్వు చేతికిచ్చిన పాత ఆఫీసరుగారిని తలుచుకుని గద్గదంగా మాట్లాడాను. నా జీవితానికి వెలుగు ఆయనే అన్నాను. మూడో వరసలో మా అన్నయ్య కూచుని చప్పట్లు కొట్టాడు. లెక్కల్లో బడి మొత్తానికి మొదటివాడు అన్నయ్య. నాన్న పోయిన ఏడు చదువు మానేసి, బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి, నాకు కాకినాడలో కాలేజీ జీతం కట్టాడు. ఆ ఆఫీసరుగారు మంచివారే, కాదనను. ఆయన కాకపోతే మరో ఆఫీసరు ఇచ్చేవాడు ఆ కాయితం. అన్నయ్య కాకపోతే? నా పద్దులో ఆయన పేరే లేదు. ఆఖరి చెయ్యికి జమ రాసి పుస్తకం మూసేశాను.

మనుషుల విషయంలో ఆపేసి చూసే పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పాలా? వాళ్ళు పోతే తెలుస్తుంది. అప్పటికి తెలిసి లాభం లేదు.

మర్నాడు బస్సెక్కి ఊరు వెళ్ళాను. అన్నయ్య అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. ఎనభై దాటాయి. తడబడుతూ సంగతంతా చెప్పాను. కాసేపు విని, "నేనేం చేశాన్రా? మొదటేడు జీతం అమ్మ గాజులమ్మి కట్టింది. నేను తరవాత కదా!" అన్నాడు. గాజుల సంగతి నాకు డెబ్భైరెండో ఏట తెలిసింది. అమ్మ పోయి ముప్ఫయ్యేళ్ళు.

ఫోనులో అందరూ మాదే అంటారు. ఇంట్లో ఎవరూ మాదనరు. అడిగితే ఇంకొకరిని చూపిస్తారు. అందుకే ఇంట్లో లెక్క ఇంకా సులువుగా తప్పుతుంది. రవి అన్నదీ నిజమే, డబ్బు పంచాలంటే ఓ పద్ధతి కావాలి. ఒకరికి ఎక్కువిస్తే ఇంకొకరికి తగ్గుతుంది గనక. కృతజ్ఞతకి ఆ బాధ లేదు. ఆఫీసరుగారికి నిండుగా ఇచ్చి, అన్నయ్యకి నిండుగా ఇచ్చి, అమ్మకీ నిండుగా ఇవ్వొచ్చు. ఇన్నేళ్ళూ నేను దాన్ని కమీషనులా చూసి ఒక్కరితో సరిపెట్టాను.

ఇంటికి వచ్చేసరికి కొత్త గ్రైండరు తిరుగుతోంది. సుభద్రమ్మగారి గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా! మా ఆవిడ వేడి వేడి గారెలు నింపి ఇస్తే నేనే తీసుకెళ్ళి ఇచ్చొచ్చాను.