నేల రుణం, నత్రజని కొలత

పొందినదాన్ని తిరిగి అర్పించకుండా అనుభవించడం దొంగతనమని భగవద్గీత మూడో అధ్యాయం చెబుతుంది. ఆ లెక్కన పైరు తీసుకున్న నత్రజనిని నేలకు తిరిగి చేర్చడం రుణం తీర్చడమే. మరి ఎంత ఇస్తే ఆ రుణం తీరుతుంది? దేశం, కాలం, పాత్రత చూసి ఇచ్చిందే సాత్విక దానమని పదిహేడో అధ్యాయం అంటుంది.

నేలకిచ్చే నత్రజనికీ ఇదే వర్తిస్తుంది. అది పలు ఎరువుల రూపంలో దొరుకుతుంది: భిలాయిలోని ఉక్కు కర్మాగారం కోక్ బట్టీల వాయువు నుంచి అమ్మోనియం సల్ఫేట్ తీస్తుంది. అందులో నత్రజని సుమారు 20 శాతం; యూరియాలో 46 శాతం. ఉదాహరణకు గోధుమకు వీటిలో ఏది వేసినా, పాత్రతను తేల్చేది భూసార పరీక్షే. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం ఉద్దేశం ఇదే. హెక్టారుకు లభ్య నత్రజని 280 కిలోల లోపుంటే తక్కువ, 560 దాటితే ఎక్కువ. మోతాదును దాన్నిబట్టి పెంచుతారు లేదా తగ్గిస్తారు. కాలం విషయానికొస్తే, కొంత విత్తేటప్పుడు, మిగతాది సుమారు మూడు వారాలకు ఇచ్చే తొలి తడి నుంచి వేస్తారు.

మోతాదు మించితే పైరు పడిపోతుంది. మిగులు నైట్రేట్‌గా భూగర్భ జలంలోకి, నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి చేరుతుంది. ఆ నష్టం ఇరుగుపొరుగుకూ తగులుతుంది. అందువల్ల కొలత తెలుసుకుని ఇవ్వడం కూడా సేద్య ధర్మంలో భాగమే.